సెల్ఫ్ తిరిగింది, పోలీసులు వచ్చారు

మొన్న శుక్రవారం మా కారు స్టార్ట్ కాలేదండి. అందరి కార్లూ ఎప్పుడో ఒకప్పుడు మొరాయిస్తాయి, ఇందులో చెప్పుకోడానికి ఏముంది అంటారా? నిజమే. కానీ అందరి కార్ల దగ్గరికీ పోలీసులు రారు కదా! మా కారు దగ్గరికి వచ్చారు. ఎందుకొచ్చారో చెప్పాలంటే ముందు శ్రీకాంత్ పెళ్లిచూపుల సంగతి చెప్పాలి.

శ్రీకాంత్‌ది కరీంనగర్. రాయదుర్గంలో మా ఆఫీసులో నా పక్క సీటు. మంచివాడు, మాట తక్కువ, ముప్ఫై నాలుగు దాటాయి. సంబంధాలు వస్తున్నాయి, పోతున్నాయి. కిందటిసారి అమ్మాయివాళ్లింటికి ఆలస్యంగా వెళ్లాడు. క్యాబ్ వాడు ఫ్లైఓవర్ కింద ఒక గంట తిప్పాడట. అమ్మాయి తండ్రి పైకి ఏమీ అనలేదుగానీ, సాయంత్రానికి కబురు మాత్రం వచ్చింది. 'మొదటిరోజే టైముకి రానివాడు రేపు ఏం వస్తాడు' అని.

ఈసారి సంబంధం బాచుపల్లిలో. తండ్రి రిటైర్డ్ హెడ్మాస్టర్. హెడ్మాస్టర్ అనగానే శ్రీకాంత్‌కి సగం ప్రాణం పోయింది.

"అన్నా, క్యాబ్‌ను నమ్ముకుంటే మల్ల గట్లనే అయితది. నీ కార్ల పోదామా? మా అమ్మ, నాయన ఊర్నుంచి సీదా ఆళ్లింటికే వస్తున్నరు. నన్ను టైముకు దించితే చాలు."

"దానికేం, పోదాం."

"ఇంకోటి అన్నా. ఎవ్వలికీ చెప్పకు. చెప్పినప్పుడల్లా సంబంధం చెడిపోతున్నది."

సరే, చెప్పను అన్నాను. చెప్పలేదు కూడా. అక్కడే వచ్చింది చిక్కు.

నిజానికి ఆ కారు నాది కాదండి, మా ఆవిడ మాధవిది. ఆవిడ జీతంతో కొనుక్కుంది, ఆవిడ పేరు మీదే ఉంది. నేను మామూలుగా ఆఫీస్ క్యాబ్‌లో పోతాను. శుక్రవారం పొద్దున మాధవి ఇంట్లోనే పని. హెడ్‌సెట్ పెట్టుకుని లాప్‌టాప్ ముందు కూర్చుని ఏదో కాల్‌లో ఉంది. నేను గుమ్మం దగ్గర నిలబడి కారు తాళం పైకెత్తి ఆడించాను. కిందికి చూపించాను. ఆవిడ నా వైపే చూస్తూ తల ఊపింది. ఇంకేం కావాలి? దుమ్ముకి నాకు తుమ్ములొస్తాయి, అందుకని మాస్క్ తగిలించుకుని, మా మదీనాగూడ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోంచి కారు తీసుకుని ఆఫీసుకి వెళ్లిపోయాను. ఒక మీటింగ్ ముగించి, మేనేజర్‌కి చెప్పి, శ్రీకాంత్‌ని ఎక్కించుకుని బయల్దేరాను.

మావాడు తయారైన తీరు చూడాలి! లేత గోధుమరంగు కుర్తా, కొత్త చెప్పులు. దారంతా రిహార్సల్.

"అన్నా, హాబీలు ఏందని అడిగితే ఏం చెప్పాలె?"

"నీకేముంటే అది చెప్పు."

"నిద్రపోవుడు."

"పుస్తకాలు అని చెప్పు."

"ఏ పుస్తకం అని అడిగితే?"

ఇలా సాగుతుండగా కొండాపూర్ సిగ్నల్ దగ్గర మాధవి ఫోన్. నేను స్టీరింగ్ మీద ఉన్నాను. ఎత్తితే ఎక్కడున్నావంటుంది, శ్రీకాంత్‌కి మాటిచ్చాను. "ఏదో ఒకటి కొట్టి కట్ చెయ్యరా" అన్నాను. వాడు ఫోన్‌లో రెడీగా ఉండే మెసేజ్‌ల్లోంచి ఒకటి నొక్కాడు. 'మీటింగ్‌లో ఉన్నాను, తర్వాత చేస్తాను.' మళ్లీ ఫోన్ వచ్చింది. మళ్లీ అదే నొక్కాడు.

మదీనాగూడ వచ్చేశాం. ఉత్త చేతుల్తో ఏం వెళ్తాం, హైవే పక్కన ఒక స్వీట్ షాపు ముందు ఆపాను. మైసూర్‌పాక్, పళ్లు, పూలు తీసుకున్నాం. చేతిలో ఇంకా చాలా టైముంది. హెడ్మాస్టర్‌గారి కంటే ముందే వాళ్ల గుమ్మంలో ఉంటాం అనుకుంటూ తాళం తిప్పాను.

గిర్ర్ గిర్ర్ గిర్ర్ గిర్ర్.

ఇంజన్ అందుకోలేదు.

మళ్లీ తిప్పాను. సెల్ఫ్ హుషారుగా తిరుగుతోంది. ఇంజన్ మాత్రం ఉలకదు, పలకదు.

"అన్నా, ఏమైంది?"

"ఏం కాలేదు. రెండు నిమిషాలు."

నా ఉద్యోగం ఏంటో చెప్పలేదు కదా. సర్వర్లు పడిపోతే ఎందుకు పడ్డాయో కనిపెట్టడం. అంచేత నాకు కంగారు రాలేదు. పైగా ఒకలాంటి సంతోషం కూడా కలిగింది, దాచుకోవడం దేనికి! అడ్డదిడ్డంగా ఆలోచించకూడదు, ఒక్కొక్కటి కొట్టేసుకుంటూ పోవాలి అని శ్రీకాంత్‌కి పాఠం మొదలుపెట్టాను.

"చూడు, సెల్ఫ్ గట్టిగా తిరుగుతోంది అంటే బ్యాటరీ బాగుంది. లైట్లు వెలుగుతున్నాయి, హారన్ మోగుతోంది. కాబట్టి బ్యాటరీ కాదు."

"మంచిది అన్నా. నేను క్యాబ్ బుక్ చేస్త."

"ఆగు! పెట్రోల్ సగం ట్యాంక్ ఉంది. కాబట్టి పెట్రోల్ అయిపోలేదు."

"క్యాబ్ పెట్టన్నా మరి?"

"ఉంది సరే, ఇంజన్ దాకా వస్తోందా లేదా? అదీ ప్రశ్న."

ఫోన్‌లో ఒక వీడియో పెట్టాను. అందులో ఒకాయన చెప్పాడు, తాళం తిప్పి ఆన్‌లో పెడితే వెనక సీటు కింద ఫ్యూయల్ పంప్ 'జుయ్' మని ఒక్క క్షణం శబ్దం చేస్తుందట. అది వినపడితే పంప్ పనిచేస్తున్నట్టు. నేను తాళం దగ్గర ఉండాలి కదా, వినే పని శ్రీకాంత్‌కి పడింది. పాపం, కొత్త కుర్తాతో వెనక సీటు మీద బోర్లా పడుకుని సీటుకి చెవి ఆనించాడు.

"వినపడిందా?"

"బస్సు హారన్ వినపడుతుందన్నా."

"పంప్! పంప్ వినపడిందా?"

"లేదన్నా, సీటు కింద ఏం సప్పుడు లేదు."

దొరికింది! పంప్ తిరగట్లేదు. ఎందుకు తిరగట్లేదు? ఫ్యూజ్ పోయుండాలి. బానెట్ ఎత్తి ఫ్యూజ్ డబ్బా తెరిచాను. పంప్ ఫ్యూజ్ చూస్తే బాగానే ఉన్నట్టుంది. అయినా కంటితో చూసి నమ్మేవాణ్ని కాదు నేను. హారన్ ఫ్యూజ్ పీకి దాని స్థానంలో పెట్టాను, దీన్ని హారన్ దాంట్లోకి నెట్టాను. తాళం తిప్పాను. కారు స్టార్ట్ కాలేదు. హారన్ కూడా పోయింది. దీన్ని సరిగ్గా నొక్కలేదనుకుంటా, నిక్షేపంగా మోగే హారన్ మూగబోయింది.

ఈలోగా శ్రీకాంత్ వాళ్లమ్మ ఫోన్. ఆవిడ ఫోన్ ఎప్పుడూ లౌడ్‌స్పీకర్‌లో పెట్టే మాట్లాడుతుంది. మా శ్రీకాంత్‌దీ అదే అలవాటు.

"ఏడున్నవ్ బిడ్డా? మేం వచ్చి కూసున్నం. ఆళ్లు ఛాయ్ ఇచ్చిండ్రు."

"వస్తున్ననే అమ్మా. మదీనాగూడల ఉన్నం. కారు జర ఇబ్బంది పెడుతుంది."

"ఫికర్ చెయ్యకురి, నిమ్మళంగ రండి" అంది ఆవిడ. వెనక ఎవరో మగగొంతు దగ్గింది. శ్రీకాంత్ మొహం తెల్లబోయింది. "సారే దగ్గిండన్నా" అన్నాడు.

ఇప్పుడు వాడే క్యాబ్ బుక్ చేశాడు. వచ్చినట్టే వచ్చి ఆ క్యాబ్ మా కళ్లముందే హైవే అవతలివైపు ఆగి, యూ-టర్న్ చూసుకుని, ఆలోచించుకుని, క్యాన్సిల్ చేసుకుని వెళ్లిపోయింది. ఇంకోటి బుక్ అవుతూనే ఉంది. ఆటో పిలుద్దామంటే నేనే వద్దన్నాను. కారణం దొరికాక పారిపోవడం ఏంటి?

తోసి చూద్దాం అన్నారు పక్క బడ్డీ దగ్గర టీ తాగుతున్న పెద్దమనుషులు. తోశారు. శ్రీకాంత్ కూడా తోశాడు. కొత్త చెప్పు ఒకటి వెనకే ఉండిపోయింది, వెళ్లి తెచ్చుకున్నాడు. కారు హాయిగా జరిగింది, గేరులో వేయగానే ఒకసారి ఎగిరి ఆగింది. స్టార్ట్ కాలేదు. పెద్దమనుషులు చేతులు దులుపుకుని మళ్లీ టీ దగ్గరికి పోయారు.

అంతకుముందే నేను రోడ్డు మీద సాయం చేసే సర్వీసుకి ఫోన్ చేసి ఉన్నాను. బైక్ మీద మెకానిక్ వచ్చాడు. సెల్ఫ్ కొట్టి చూశాడు. బానెట్‌లోకి తొంగి చూశాడు. వెనక సీటు దగ్గర చెవి పెట్టాడు.

"పంప్ పోయింది సార్" అన్నాడు.

నేను శ్రీకాంత్ వైపు చూశాను. చూశావా అన్నట్టు. వాడు ఆకాశం వైపు చూస్తున్నాడు.

"కొత్త పంప్ పడుతది సార్. బండిని షెడ్డుకు పంపియ్యాలె. ట్రక్కు పిలుస్త." అని ఫోన్ పట్టుకుని కాస్త అటు పక్కకి వెళ్లాడు. వెళ్లేముందు ఒక చిట్కా చెప్పాడు. ట్యాంక్ కింద మెల్లిగా తడుతూ సెల్ఫ్ కొడితే ఒక్కోసారి ఇరుక్కున్న పంప్ కదులుతుందట. కదిలితే అదృష్టం.

అదృష్టం అన్నాక వదుల్తామా! శ్రీకాంత్‌ని డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టాను. వాడి ఒళ్లో మైసూర్‌పాక్ డబ్బా. వెనక సీట్లో పెడితే పంప్ శబ్దం వినేటప్పుడు నలిగేలా ఉందని అప్పటినుంచీ చేత్తోనే పట్టుకుని తిరుగుతున్నాడు. నేను ఒక పాత న్యూస్‌పేపర్ పరుచుకుని కారు వెనక కిందకి దూరాను. బయటికి నా కాళ్లు తప్ప ఏమీ కనపడవు. చెప్పుతో ట్యాంక్‌ని తడుతున్నాను.

"కొట్టు!"

గిర్ర్ గిర్ర్ గిర్ర్.

"మళ్లీ కొట్టు!"

గిర్ర్ గిర్ర్ గిర్ర్.

అప్పుడే వాళ్లమ్మ మళ్లీ ఫోన్ చేసినట్టుంది. "ఏడిదాక అచ్చినవ్ బిడ్డా? రెండోపారి ఛాయ్ ఇస్తున్నరు" అన్నమాట నాకు కిందనుంచే వినపడింది. ఆ వెంటనే ఒక బండి ఆగిన చప్పుడు. రెండు జతల ఖాకీ ప్యాంట్లు, నల్లబూట్లు నా కళ్లముందు నుంచి డ్రైవర్ డోర్ వైపు గబగబా నడిచాయి.

"దిగు! చేతులు పైకెత్తు!"

"సార్... సార్, ఏమైంది సార్?"

"ఏమైందా? కారు యాడ లేపినవ్ రా? ఎంతమంది ఉన్నరు మీ గ్యాంగుల?"

"గ్యాంగ్ లేదు సార్, పెళ్లిచూపులకు పోతున్న!"

"దొంగ కారుల పెళ్లిచూపులా?"

ఇదంతా, ఒక్క అక్షరం పోకుండా, బాచుపల్లిలో హెడ్మాస్టర్‌గారి హాల్లో లౌడ్‌స్పీకర్‌లో వినపడుతోంది. వాళ్లమ్మ "అయ్యో నా కొడుకా!" అని పెట్టిన కేక అటునుంచి ఇటు వచ్చింది. ఆపైన ఫోన్ కట్.

నేను బయటికి రావడానికి తంటాలు పడుతున్నాను. తొందర్లో తల బంపర్‌కి తగిలింది. ఖాకీ ప్యాంట్లలో ఒకటి నా కాళ్ల దగ్గరికి వచ్చి, "ఇంకోడు కింద ఉన్నడు!" అని అరిచింది. సరిగ్గా అప్పుడు వాళ్ల వెనకనుంచి నాకు బాగా అలవాటైన గొంతు వినపడింది.

"జాగ్రత్తండీ, వాడి చేతిలో ఏదో ఉంది!"

నా చేతిలో ఉన్నది నా చెప్పేనండి.

నేను పాక్కుంటూ బయటికి వచ్చి, నూనె అంటిన మొహంతో తలెత్తి చూశాను. ఎదురుగా మాధవి. ఇంట్లో వేసుకునే చుడీదార్, మెడలో హెడ్‌సెట్ ఇంకా అలాగే వేలాడుతోంది. చేతిలో ఫోన్.

"ఏమండీ! మీరా!"

"నేనే. నువ్వేంటి ఇక్కడ?"

"నా కారు పోయిందండీ!"

"పోలేదు. స్టార్ట్ కావట్లేదు."

"ఎలా అవుతుంది? నేనే ఆపేశాను కదా!"

కానిస్టేబుళ్లిద్దరూ నన్నూ మాధవినీ మార్చి మార్చి చూశారు. శ్రీకాంత్ ఇంకా చేతులు పైకెత్తే నిలబడి ఉన్నాడు. ఆ చేతుల్లో మైసూర్‌పాక్ డబ్బా.

జరిగింది ఇదండి. మా అపార్ట్‌మెంట్‌లో ఆమధ్య ఎవరిదో కారు పోయింది. దాంతో మా కారులో జీపీఎస్ డబ్బా ఒకటి పెట్టించాం. బండి ఎక్కడుందో ఫోన్‌లో కనపడుతుంది. అంతేకాదు, యాప్‌లో ఒక ఎర్ర బటన్ ఉంటుంది. అది నొక్కితే, బండి ఆగాక ఫ్యూయల్ పంప్‌కి కరెంట్ అందదు. సెల్ఫ్ తిరుగుతూనే ఉంటుంది, దొంగ గంటలకొద్దీ కొట్టుకుంటూనే ఉంటాడు, కారు మాత్రం కదలదు. ఈ ఎర్ర బటన్ ఉన్న రకమే కావాలని పట్టుబట్టి పెట్టించింది ఎవరు? నేనే! నా ఫోన్‌లో జాగా లేక యాప్‌ని మాధవి ఫోన్‌లో వేసిందీ నేనే. వేసి, హాయిగా మర్చిపోయాను.

మాధవి కాల్ ముగించుకుని చూస్తే, కారు ఎక్కడో రోడ్డు మీద కదులుతోందని ఫోన్‌లో మెసేజ్. కిందికి పరిగెత్తింది. పార్కింగ్ ఖాళీ. గేటు దగ్గర కొత్తగా చేరిన సెక్యూరిటీ గార్డ్‌ని అడిగితే, "పొద్దున ఎవరో మాస్క్ పెట్టుకున్న సారు తీస్కపోయిండు మేడం" అన్నాడట. నాకు ఫోన్ చేసింది. మీటింగ్‌లో ఉన్నానని నేనే మెసేజ్ ఇచ్చాను, అదీ రెండుసార్లు! ఇక అనుమానం ఏముంది? మొగుడు మీటింగ్‌లో ఉన్నాడు, కారు కొండాపూర్‌లో పరిగెడుతోంది. ఎర్ర బటన్ నొక్కింది. పోలీసులకి ఫోన్ చేసింది. మీరు ఒంటరిగా వెళ్లకండి, మేం వచ్చి తీసుకెళ్తాం అన్నారు వాళ్లు. కారు వచ్చి వచ్చి మా ఇంటికి కూతవేటు దూరంలో ఆగేసరికి, దొంగకి ఎంత పొగరో అనుకుందట. నేను తాళం తిప్పినప్పుడల్లా ఆవిడ ఫోన్ టింగ్‌మంటోంది. "మళ్లీ ట్రై చేస్తున్నాడండీ, వదలట్లేదు" అని కంట్రోల్ రూమ్‌కి ఎప్పటికప్పుడు చెప్తూనే ఉందట.

"పొద్దున తాళం చూపిస్తే తల ఊపావు కదా!" అన్నాను.

"అది కాల్‌లో మా మేనేజర్ ఏదో అడిగితే ఊపానండీ. మీరెప్పుడు వెళ్లారో కూడా నాకు తెలీదు."

పెద్ద కానిస్టేబుల్ టోపీ తీసి తల తుడుచుకున్నాడు. "సార్, మీరు ఏం చేస్తరు?" అన్నాడు.

"సిస్టమ్ ఎందుకు ఆగిందో కనిపెట్టే పని అండి."

ఆయన టోపీ మళ్లీ పెట్టుకున్నాడు. చిన్న కానిస్టేబుల్ మాత్రం అటు తిరిగి నవ్వాడు. మాధవి యాప్‌లో పచ్చ బటన్ నొక్కింది. వెనక సీటు కింద 'జుయ్' అంది. ఒక్క తిప్పుకే ఇంజన్ అందుకుంది. అప్పుడే ట్రక్కు మాట్లాడి తిరిగొచ్చిన మెకానిక్ ఆ శబ్దం విని, "చూసిండ్రా సార్, తట్టుడుకే పంప్ కదిలింది!" అన్నాడు. ఆయన సంతోషాన్ని ఎవరం పాడుచేయలేదు.

ఇక బాచుపల్లి. శ్రీకాంత్ వెళ్లనని మొండికేశాడు. "పోలీసోళ్లు పట్టుకున్నరని ఇన్నంక ఆళ్లు నాకు పిల్లనిస్తరా అన్నా?" మాధవి వినలేదు. నన్ను వెనక సీట్లోకి పంపి, తనే డ్రైవ్ చేసింది. శ్రీకాంత్ కుర్తా ముందుభాగంలో నా చేతిముద్ర ఒకటి నల్లగా, స్పష్టంగా ఉంది. అది ఎప్పుడు పడిందో నాకూ తెలీదు.

గుమ్మంలోనే హెడ్మాస్టర్‌గారు నిలబడి ఉన్నారు. వెనక శ్రీకాంత్ అమ్మానాన్నలు, కళ్లు తుడుచుకుంటూ. ఆయన మమ్మల్ని వరసగా చూశారు. "మీలో పోలీసులు పట్టుకున్నది ఎవరిని?" అని అడిగారు, క్లాసులో అడిగినట్టే. శ్రీకాంత్ చెయ్యెత్తాడు.

మాధవి కూర్చోకుండానే మొదలుపెట్టి, మొత్తం చెప్పేసింది. తాళం, తల ఊపడం, మాస్క్, మీటింగ్ మెసేజ్‌లు, కారు కింద నేను, అన్నీ. హెడ్మాస్టర్‌గారు వింటూ వింటూ కళ్లజోడు తీసేశారు. నవ్వుతున్నారో కోపంగా ఉన్నారో చివరిదాకా తెలియలేదు. లోపలిగది తలుపు దగ్గర మాత్రం ఎవరో పగలబడి నవ్వారు. ఆ అమ్మాయేనండి, శ్రావణి.

తర్వాత ఇద్దర్నీ బాల్కనీలో మాట్లాడుకోమన్నారు. హాబీలు, పుస్తకాలు ఏమీ రాలేదట. ఆ అమ్మాయి ఒక్కటే అడిగిందట, "పోలీసులు చేతులెత్తమన్నప్పుడు మీరేం చేశారు?" అని.

మావాడికి అబద్ధం ఆడటం చేతకాదు. "మైసూర్‌పాక్ కింద పడకుండ పట్టుకున్న" అన్నాడట.

ఆదివారం కబురొచ్చింది. ఒప్పుకున్నారు!

పెళ్లికి శ్రీకాంత్‌ని ఊరేగింపుగా తీసుకెళ్లడానికి మా కారే కావాలని హెడ్మాస్టర్‌గారు ప్రత్యేకంగా చెప్పి పంపారు. డ్రైవింగ్ మాధవిగారు చేస్తేనే బాగుంటుందని కూడా అన్నారట. టైముకి చేరాలి కదా మరి. నాకు వెనక వచ్చే బంధువుల బస్సులో, డ్రైవర్ పక్క సీటు ఇచ్చారు. గౌరవమే అనుకోండి. ఎక్కగానే ఆ డ్రైవర్‌ని మెల్లిగా ఒకమాట అడగాలనుకుంటున్నాను. ఈ బస్సు యాప్ ఎవరి ఆవిడ ఫోన్‌లో ఉంది బాబూ అని.